పూర్వజన్మ నవల - శ్రోతల ప్రశ్నలు

ఉత్కంఠ నవల గురించి మాట్లాడేటప్పుడు మన విమర్శ పాఠకుణ్ణి ఒక మూల కూర్చోబెడుతుంది. అతడు మత్తులో ఉన్నాడనీ, ఆ మత్తు వదిలించడం మన బాధ్యత అనీ మన నమ్మకం. 1980ల్లో క్షుద్ర నవలల మీద జరిగిన చర్చ అవసరమైనదే. కాని నేను చూసినంతలో అందులో రచయిత ఉన్నాడు, పత్రికాధిపతి ఉన్నాడు, అమ్మకాలున్నాయి. చదివినవాళ్ళు మాత్రం లేరు. వాళ్ళేమనుకుంటారో తెలుసుకుందామని ఇటీవల మా ఊరి గ్రంథాలయంలో మూడు సాయంకాలాలు ఒక నవల కథ చెప్పాను.

ఆ నవల మాక్స్ ఎర్లిక్ రాసిన 'ది రీఇన్‌కార్నేషన్ ఆఫ్ పీటర్ ప్రౌడ్'. 1973లో వచ్చింది, 1975లో సినిమా అయింది. కాలిఫోర్నియాలో ఉండే పీటర్ ప్రౌడ్ అనే అధ్యాపకుడికి ఒకే కల మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఎప్పుడూ చూడని ఊరు, ఒక సరస్సు, అందులో తనను చంపుతున్న స్త్రీ. కలలోని ఊరు ఒకనాడు టెలివిజన్‌లో కనిపిస్తుంది. వెతుక్కుంటూ దేశం అటు చివరికి, మసాచుసెట్స్‌కి పోతాడు. పూర్వజన్మలో తనను చంపిన భార్య అక్కడ ముసలిదవుతూ బతికే ఉంది. ఆమె కూతురిని ప్రేమిస్తాడు. చివరకు ఆ భార్య చేతిలోనే, ఆ సరస్సులోనే మళ్ళీ చస్తాడు. మన దేశంలో 1980 నాటి హిందీ చిత్రం 'కర్జ్' ఈ కథ నీడలోనే పుట్టింది.

మొదటి రోజు ఎవరూ ఏమీ అనలేదు. మనిషి ప్రయాణంలో ఉన్నంతసేపు శ్రోత కూడా టిక్కెట్టు కొనుక్కుని వెంట వస్తాడు. పూర్వజన్మ నిజమా అబద్ధమా అన్న చర్చ నేను ఆశించాను గాని, అది ఎవరికీ పట్టలేదు. రెండో రోజు కూతురి ప్రస్తావన రాగానే పదవీ విరమణ చేసిన పోస్టుమాస్టరు గారు అడ్డు తగిలారు. "ఆగండి మాస్టారూ, ఆ పిల్ల ఇతనికి ఏం వరసవుతుంది?" అన్నారు. హాలు మొత్తం కదిలింది. వొళ్ళు వేరు కనుక ఫరవాలేదని కొందరు, ఆత్మ ఒకటే కనుక కూతురేనని కొందరు. రచయిత అక్కడ కల్పించిన అసౌకర్యాన్ని మనస్తత్వ పరిభాషలో పది పేజీలు వివరించవచ్చు. వరస అన్న ఒక్క మాటతో పోస్టుమాస్టరు గారు దాన్ని తేల్చేశారు.

ఇంటర్మీడియట్ చదివే ఆడపిల్లలు పీటర్ పక్షాన లేరు. తొలి జన్మలో అతడు భార్యపట్ల క్రూరుడని తెలిశాక వాళ్ళ సానుభూతి హంతకురాలి వైపు పోయింది. "జన్మ మారి వచ్చినా ఆమె వెంటే పడ్డాడు" అన్నది ఒక అమ్మాయి. కథానాయకుడి భయం మీద నిర్మించిన నవలను ఆ పిల్ల ఒక స్త్రీ భయంగా చదివింది. ఈ కోణం నాకు తోచలేదని ఒప్పుకోవాలి.

అమెరికాలో పూర్వజన్మ కథకు మరో రకం స్పందన ఉంది. 1956లో మోరీ బెర్న్‌స్టీన్ అనే వ్యాపారి, తాను హిప్నటైజ్ చేసిన కొలరాడో గృహిణి తన పూర్వజన్మలో ఐర్లండ్‌లో బ్రైడీ మర్ఫీగా బతికానని చెప్పినట్టు ఒక పుస్తకం వేశాడు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. వెంటనే పత్రికలవాళ్ళు ఐర్లండ్ ప్రయాణం కట్టి జనన మరణాల రికార్డులు తిరగేశారు. రుజువు దొరకలేదు. ఆ గృహిణి చిన్నతనంలో షికాగోలో ఎదురింట్లో బ్రైడీ మర్ఫీ అనే ఐరిష్ స్త్రీ ఉండేదని ఒక పత్రిక బయటపెట్టింది. అక్కడ పూర్వజన్మ ఒక వింత వార్త, కనుక విచారణకు నిలబడాలి. మనకది వార్త కాదు, ఇంట్లో రోజూ వినిపించే మాట. దాన్ని ఎవరూ విచారించరు.

మన 'మూగమనసులు' (1964) చూడండి. గోదావరి మీద పడవ ప్రయాణంలో కొత్త దంపతులకు పూర్వజన్మ స్ఫురిస్తుంది. ఆ జన్మలో అతడు పడవ నడిపే గోపి, ఆమె జమీందారు బిడ్డ రాధ. ఈ జన్మలో కలవనివ్వని అంతస్తుల తేడాని ఆ చిత్రం చెరపలేదు, దాటడానికి మరో జన్మ ఇచ్చింది. ప్రేక్షకుడు అంత ఏడ్చాడంటే ఆ తేడా ఎంత గట్టిదో అతనికి తెలుసు. ఆ ఏడుపును పలాయనవాదం అని కొట్టిపారేసే ముందు నేను ఇప్పుడు కాస్త ఆగుతాను.

ఇలా ఆగడం నేర్పింది మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె. మూడు రోజులూ వెనక బల్ల మీద కూర్చుని విన్నది. "పోయిన జన్మలో ఎవరి నోటికాడి కూడు తీశానో" అనేది ఆమెకు ఊతపదం. భర్త పోయినప్పుడూ అదే, జీతం మూడు నెలలు ఆలస్యమైనప్పుడూ అదే. కథ ముగిశాక లేచి, "ఆయనకు చంపిందెవరో కనపడింది, ఊరు కనపడింది, తను చేసిన తప్పూ తెలిసింది. మరి మాకేం చూపిస్తారు సారూ? ఏం చేశామో చెప్పకుండానే అనుభవించమంటారు" అన్నది.

కర్మ సిద్ధాంతం మీద రాసుకెళ్ళిన నాలుగు పేజీల ఉపన్యాసం నా జేబులోనే ఉంది. నేరం చెప్పని శిక్ష అన్న వాదన అందులోనూ ఉంది, మూడో పేజీలో, చాలా ఉదాహరణలతో. దాన్ని బయటికి తీయలేదు.

ఆ నవల గొప్పదని నేననడం లేదు. శిల్పం బిగువుగా ఉంటుంది, పాత్రలు పలుచన. కలల పరిశోధన భాగం నేను కథ చెప్పేటప్పుడు సగానికి పైగా వదిలేశాను, ఎవరూ గమనించలేదు. కాని ఆమె ఆ ప్రశ్న వేసింది ఆ నవల విన్నందువల్లే. మన అభ్యుదయ కథలు రెండు మూడు అదే హాలులో చదివాను, అప్పుడు ఆమె వేయలేదు. ఎందుకు వేయలేదో మనం కూర్చుని మాట్లాడుకోవాలి.

మర్నాడు బియ్యం చెరుగుతూ, ఆ హంతకురాలిని రెండోసారైనా పోలీసులు పట్టుకున్నారా అని అడిగింది. కథ ఆ హత్యతోనే ముగుస్తుందని చెప్పాను. వచ్చే నెల ఏం చెబుతారని అడిగి, చేట పక్కన పెట్టి పొయ్యి దగ్గరికి పోయింది.