లైటు వెలిగింది... కన్వర్టర్ మార్చాల్సిందేనా?

కర్నూలులో మే నెల వచ్చిందంటే బండికి ఏ రోగమొచ్చినా ఎండ మీదికే తోసేస్తాం. బ్యాటరీ పోయిందా, ఎండ. టైరు పగిలిందా, ఎండ. కొంతవరకు నిజమే కూడా. కానీ 'ఎండకు క్యాటలిటిక్ కన్వర్టర్ పోయింది' అని ఎవరైనా చెబితే మాత్రం జేబులో చెయ్యి పెట్టకముందే ఆగండి. సైలెన్సర్ దారిలో ఉండే ఆ డబ్బా పని మొదలుపెట్టాలంటేనే 250-300 డిగ్రీల వేడి కావాలి. మన 44 డిగ్రీలు దానికి చల్లగాలి కింద లెక్క.

ఆ వేడిని కొలిచేదే టెంపరేచర్ సెన్సార్. సన్నటి మొన పైపులోకి దూరి ఉంటుంది, వెనక రెండు వైర్లు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో దీని పాత్ర పెద్దది. ఎందుకంటే వాటిలో పొగలోని మసిని పట్టుకునే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. మసి నిండాక దాదాపు 600 డిగ్రీల దగ్గర దాన్ని కాల్చేయాలి. సెన్సార్ చెప్పే లెక్క మీద నమ్మకం పోతే కారులోని కంప్యూటర్, అదే ఈసీయూ, ఆ కాల్చడాన్నే ఆపేస్తుంది. మసి పేరుకుంటూ పోతుంది. చిన్న గొడవను నెలల తరబడి వదిలేస్తే నిజంగానే పెద్ద ఖర్చు తగులుకునేది ఇట్లే.

మా బావ టాక్సీకి ఇదే జరగబోయింది. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కర్నూలు-కడప మధ్య తిరిగే డీజిల్ బండి అది. ఇంజన్ లైటు వెలిగింది, పికప్ తగ్గింది. ఒక వర్క్‌షాపులో స్కానర్ పెట్టి, కన్వర్టర్, డీపీఎఫ్ కలిపి మొత్తం సెట్టు మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు వింటే బావకు ఈఎంఐలే కళ్ల ముందు తిరిగినాయి. "నువ్వు ఫోన్లో అన్నీ చూస్తావు గదరా, దీని కథేందో చూడు" అని బండి మా ఇంటి ముందు పెట్టి పోయినాడు.

నా దగ్గరున్నది బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్, ఫోన్లో ఒక యాప్. అంతే. కోడ్ చూస్తే పి0546. అంటే టెంపరేచర్ సెన్సార్ సర్క్యూట్‌లో వోల్టేజీ ఎక్కువగా ఉందని. గమనించండి, కోడ్ చెప్పింది 'సర్క్యూట్' అని. కన్వర్టర్ అనలేదు, సెన్సార్ కాలిందనీ అనలేదు. వైరు, కనెక్టర్, సెన్సార్... తప్పు ఎక్కడైనా ఉండొచ్చు.

దీనికి నాకు నచ్చిన పరీక్ష పైసా ఖర్చులేనిది. రాత్రంతా ఆపిన బండిలో తెల్లారి ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి లైవ్ డేటా చూడాలి. రాత్రికి అన్నీ చల్లారి ఉంటాయి కాబట్టి కూలెంట్, లోపలికొచ్చే గాలి, ఎగ్జాస్ట్ అన్నీ ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రత చూపాలి. బావ బండిలో మొదటి రెండూ 30 దగ్గరున్నాయి. ఎగ్జాస్ట్ మాత్రం 900 దాటింది! చల్లటి బండిలో అంత వేడి ఎక్కడిది?

ఆ పొద్దే తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ అన్నను పిలిచినాం. సెన్సార్ ప్లగ్ ఊడదీసి మీటర్ పెడితే 220 ఓమ్‌ల పైచిలుకు వచ్చింది. సున్నా డిగ్రీల దగ్గర 200 ఓమ్‌లుండే ప్లాటినం రకానికి అది సరైన లెక్కే. (అన్ని కార్లలో ఇదే రకం ఉండదు, మీ కారు మాన్యువల్‌లో పట్టిక చూసుకోండి.) అంటే సెన్సార్ బాగుంది. ఇక కారు వైపు వైర్లలో 5 వోల్టులు రావాలి. రాలేదు. వైరు తెగిందన్నమాట.

బండి కిందికి దూరి చూస్తే దొంగ దొరికినాడు. ఉలవ కట్టె! మన దిక్కు నూర్పిడి కోసం ఉలవలు, కందులు రోడ్డు మీద పరుస్తారు కదా. మనమూ వాటి మీదే బండ్లు పోనిస్తాం. ఆ కట్టె చుట్టుకుని వైరును క్లిప్పులోంచి లాగేసింది. అది వేడి పైపుకు తగిలి, కరిగి, తెగింది. అసలు మంట అంటుకోనందుకు సంతోషించాలి. ఎండు కట్టె, మండే పైపు ఒకచోట చేరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఈ భయంతోనే ఒకప్పుడు జపాన్ కార్లలో ఎగ్జాస్ట్ వేడెక్కితే వెలిగే ప్రత్యేక లైటు పెట్టేవాళ్లు.

వేడి తట్టుకునే వైరు అతికించి, స్లీవ్ తొడిగి, క్లిప్పు బిగించి, కోడ్ క్లియర్ చేసినాం. ఖర్చు వందల్లోనే. మర్నాడు కడప హైవే మీద ఏకబిగిన పోతుంటే ఎగ్జాస్ట్ 600 దాకా ఎక్కింది, పేరుకున్న మసి కాలింది, పికప్ తిరిగొచ్చింది. మధ్యలో ఎవరో "లోపలిదంతా పీకేసి ఖాళీ డబ్బా పెట్టేస్తాం" అని బేరం కూడా పెట్టినారంట. అది చట్టానికి విరుద్ధం, పైగా ఆ పొగ పీల్చేది మనమే.

పెట్రోల్ కారున్నవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. చాలా పెట్రోల్ కార్లలో ఈ సెన్సారే ఉండదు. యాప్‌లో కనిపించే 'క్యాటలిస్ట్ టెంపరేచర్' ఇంజన్ లోడును బట్టి ఈసీయూ వేసుకున్న అంచనా మాత్రమే. కాబట్టి ఎవరైనా 'టెంపరేచర్ సెన్సార్ పోయింది' అంటే, "అది యాడుందో చూపించన్నా" అని అడగండి. కోడ్ పి0420 అయితే అది కన్వర్టర్ పనితీరు గురించి. అప్పుడు కూడా ముందు చూడాల్సింది పైపు జాయింట్ల దగ్గర లీకుందా, ఆక్సిజన్ సెన్సార్లు సరిగ్గా చెబుతున్నాయా అనే.