ఋతువులు పసిబిడ్డల కిచ్చు ఆటవస్తువులు

మన పాఠశాలలో చదువుకొను బాలబాలికలలో ననేకులకు ఇంటియొద్ద రెండు మూడేండ్ల తమ్ముడో చెల్లెలో కలరు. సాయంకాలము తల్లి వంటపనిలో నుండగా ఆ బిడ్డ నాడించు భారము తఱచుగా వీరిమీదనే పడును. కాబట్టి ఈ వ్యాసమును తల్లిదండ్రుల కొఱకు మాత్రమేగాక విద్యార్థుల కొఱకును వ్రాయుచున్నాను.

ఏడాది దాటిన బిడ్డ దేనినైనను చూచిన తోడనే పట్టుకొనును, పిసుకును, వాసన చూచును, నేలకు గొట్టి చప్పుడు వినును, తుదకు నోటిలో పెట్టుకొనును. దీనిని మనము అల్లరి యందుము. ఇది యల్లరి కాదు, బిడ్డ చదువు. మాటలు చాలినన్ని రాని యా వయస్సున కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మము అను నీ యైదే బిడ్డకు పుస్తకములు. 'చల్లన' యను మాటను ఎన్నిమారులు చెప్పినను తెలియని బిడ్డకు, కుండనీటిలో చేయి పెట్టినచో ఒక్కమారే తెలియును.

ఈ సంగతిని విద్యావేత్తలు చాలకాలము క్రిందటనే గుర్తించిరి. జర్మనీ దేశస్థుడగు ఫ్రోబెల్ 1837వ సంవత్సరమున బాడ్ బ్లాంకెన్‌బర్గు అను నూరిలో పసిబిడ్డల కొఱకు ఒక సంస్థను స్థాపించి, 1840లో దానికి 'కిండర్ గార్టెన్', అనగా 'పిల్లల తోట' యని పేరు పెట్టెను. మెత్తని బంతులు, కొయ్య గుండ్లు, కొయ్య దిమ్మెలు ఆయన బిడ్డల చేతి కిచ్చిన బోధనోపకరణములు. ఇటలీ దేశపు వైద్యురాలగు మరియా మాంటిసోరి 1907వ సంవత్సరమున రోము నగరమందు బీదలు వసించు పేటలో 'బాలగృహము'ను తెఱచి, నున్ననివి గరుకైనవి, బరువైనవి తేలికయైనవి వేఱుపఱచు పనులను బిడ్డల కొసగెను. ఆమె 1939లో మదరాసునకు వచ్చి అడయారున ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను.

శిక్షణ కళాశాలలో వీరిని గూర్చి చదివినప్పుడు, వెలగల యా యుపకరణములు మన యిండ్ల కెక్కడివని నేను నిరాశ చెందితిని. నాకు బిడ్డలు కలిగిన పిమ్మటనే, ఋతువు మారినప్పుడెల్ల ప్రకృతియే క్రొత్త యుపకరణములను మన వాకిట నుంచుచున్నదని తెలిసికొంటిని. వానిలో కొన్నిటిని చెప్పెదను.

ఎండకాలము నీటియాటలకు తగినది. వేపచెట్టు నీడను వెడల్పైన పళ్లెములో రెండు వ్రేళ్ల లోతు నీరు పోసి, ఒక చెంబు, ఒక కొబ్బరిచిప్ప, ఒక జల్లెడ యిచ్చినచో చాలును. చెంబులో నీరు నిలుచును, జల్లెడలో నిలువదు. వేపరెమ్మ తేలును, గుప్పెడంత ఱాయి మునుగును. బిడ్డ దీనిని ఇరువదిమారులు చేసి చూచును. విసుగు మనకేగాని వానికి లేదు. చల్లగా జారిపోవు తాటిముంజను ముందుగా వాని చేతి కిచ్చి, పిమ్మట చిన్న ముక్కలుగా చేసి తినిపింపుడు. ముంజలు తీసిన కాయలను పాఱవేయక, రెంటిని పుల్లతో కూర్చి అన్నగారు బండి చేసి యిచ్చినచో తమ్ముని కింతకంటె గొప్ప బొమ్మ లేదు.

వానకాలమున బంకమట్టి వచ్చును. మురుగు చేరని చోటి మట్టిని తెచ్చి, ఱాళ్లును గాజుపెంకులును ఏరివేసి, నీరు కలిపి ముద్ద చేయుడు. ఏనుగును చేయుమని, ఎద్దును చేయుమని బిడ్డ నడుగరాదు. రెండేండ్ల బిడ్డకు పిసుకుటయు, గ్రుచ్చుటయు, విఱుచుటయే పని. ఆట ముగిసినతోడనే చేతులు సబ్బుతో కడిగి, గోళ్ల సందులు శుభ్రపఱుపవలయును. వాన వెలియక మునుపు చూరుక్రింద ఒక ఇత్తడి పళ్లెమును, ఒక మట్టికుండను, ఒక తాటాకును ఉంచి, చినుకులు దేనిమీద నెట్లు మ్రోగునో బిడ్డతో కూడ కూర్చుండి వినుడు. ఇది చెవికి పాఠము.

చలికాలమున పంట యింటికి వచ్చును. ఒకే కొలతగల మూడు గుడ్డసంచులను కుట్టి, ఒకదానిలో ప్రత్తి, ఒకదానిలో ఊక, ఒకదానిలో ఇసుక నింపి మూతులు గట్టిగా కుట్టివేయుడు. చూపునకు మూడు నొకటే. చేతి కెత్తినప్పుడు మూడును వేఱు. బంతిపూవు రేకులు త్రుంచుట బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని మంచి సాధకము. రేపు కలము పట్టవలసినవి ఆ రెండు వ్రేళ్లే కదా. పళ్లెములో వరిపిండి పఱచినచో బిడ్డ వ్రేలితో గీతలు గీయును. అప్పుడు అక్షరములు నేర్పుటకు తొందరపడవలదు.

ఇక హెచ్చరిక. దీనిని నా తప్పువలననే నేర్చుకొంటిని. నా రెండవ కుమారుడు రెండేండ్లవాడై యుండగా, ఒకనాడు వానిముందు చింతగింజలు పోసి, నేను ప్రక్కగదిలో పరీక్షాపత్రములు దిద్దుచుంటిని. పావుగంటలో ఏడుపు వినవచ్చెను. గింజ యొకటి ముక్కులో దూరియుండెను. తొందరలో నేను వ్రేలితో తీయబోగా అది మఱింత లోనికి పోయెను. వైద్యుడు తగిన పనిముట్టుతో దానిని తీసి, "ఇది గొంతుదిగి ఊపిరిగొట్టమున పడియుండిన నేమి చేసెడివారు?" అని యడిగెను. నాయొద్ద ఉత్తరము లేకపోయెను.

కాబట్టి మూడేండ్ల లోపు బిడ్డకు పెద్దవారి మూడు వ్రేళ్ల వెడల్పుకంటె చిన్నదగు గట్టి వస్తువేదియు ఆట కియ్యరాదు. చింతగింజలు, శనగలు, వేరుసెనగ గింజలు, గోలీలు ఇట్టివే. గురివింద గింజలు, ఆముదపు గింజలు, గన్నేరు, ఉమ్మెత్త విషములు. వానిని ఆటస్థలమునకు రానీయరాదు. కొలది యంగుళముల నీటిలోనైనను పసిబిడ్డ మునిగి ప్రాణము పోవచ్చును గనుక, ఆట ముగియగనే నీరు పాఱబోయవలయును. ముక్కులోగాని చెవిలోగాని ఏదైన దూరినచో కెలుకక వైద్యునియొద్దకు తీసికొనిపోవలయును. అన్నిటికంటె ముఖ్యమైనది, బిడ్డ యాడుచున్నంతసేపు పెద్దవారొకరు చూపు మరల్చక ప్రక్కనే యుండుట.

బట్టలు మాసిపోవునని కొందఱు తల్లులు బిడ్డను మట్టి తాకనీయరు. అల్లరి మానునని కొందఱు చేతిఫోను చూపుచు కూర్చుండబెట్టుదురు. ప్రపంచారోగ్యసంస్థ 2019వ సంవత్సరమున ప్రకటించిన సూచనలలో, ఏడాది బిడ్డను తెరముందు కూర్చుండబెట్టుట తగదనియు, రెండేండ్ల బిడ్డకు దినమున కొక గంటకు మించరాదనియు చెప్పబడినది. తెరమీద కనబడు నీటిలో చేయి తడియదు. అందలి బంతిపూవునకు వాసన లేదు.

విద్యార్థులారా, మీరు చేయవలసినది కొంచెమే. తమ్మునితో కూర్చుండుడు. వాడు నీటిని ముట్టినప్పుడు 'చల్లన' యనియు, గడ్డిని ముట్టినప్పుడు 'గరుకు' అనియు ఒక్క మాట చెప్పుడు. వాని చేతిలోని దానిని లాగికొని, ఇట్లు చేయవలెనని చూపవలదు. అఱగంట గడచునప్పటికి మీ తల్లి వంట ముగియును. మీ తమ్మునికి ఆనాటి చదువు ముగియును.