‘సరదాకే కదా మేడమ్!’: హాలోవీన్ రాత్రి అల్లరి ఎక్కడ ఆగాలి?



గత ఏడాది నవంబర్ మొదటి వారంలో ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు స్టాఫ్ రూమ్ బయట నిలబడి నాతో అన్న మాట ఇది: “సరదాకే కదా మేడమ్! అంత సీరియస్ ఎందుకు చేస్తున్నారు?”

జరిగింది స్కూల్లో కాదు, వాళ్ళు ఉండే గేటెడ్ కమ్యూనిటీలో. అక్టోబర్ 31 రాత్రి పిల్లలందరికీ హాలోవీన్ పార్టీ పెట్టారు. చిన్న పిల్లలు చాక్లెట్లు తీసుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. పది గంటలు దాటాక ఐదుగురు పెద్ద పిల్లలు మాస్కులు వేసుకుని, కోడిగుడ్ల ట్రే పట్టుకుని బయల్దేరారు. రెండు కార్ల మీద, తలుపు తియ్యని ఒక ఇంటి మీద గుడ్లు విసిరి, కాలింగ్ బెల్ పదే పదే నొక్కి పారిపోయారు. మర్నాడు సీసీ కెమెరాలో అంతా కనిపించింది. నాన్నలు మాట్లాడుకుని, కార్ల పాలిషింగ్‌కి డబ్బులు కట్టి విషయం ముగించేశారు.

నేను ఆ అబ్బాయిని ఒక్కటే అడిగాను. “ఆ తలుపు ఎవరు కడిగారు నాన్నా?” వాడికి తెలీదు. “లోపల ఎవరుంటారు?” అదీ తెలీదు. ఈ నెల మీతో మాట్లాడాలనుకున్నది ఆ రెండు ప్రశ్నల గురించే.

అసలు ఈ పండగ ఏమిటి?

హాలోవీన్ మన పండగ కాదు కాబట్టి మనలో చాలామందికి దాని గుమ్మడికాయలూ దెయ్యం బొమ్మలే తెలుసు. నవంబర్ 1 క్రైస్తవుల ‘ఆల్ సెయింట్స్ డే’. దానికి ముందు రాత్రి ‘ఆల్ హాలోస్ ఈవ్’. ఆ మాటే అరిగి హాలోవీన్ అయింది. అంతకన్నా వెనక్కి వెళ్తే ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల్లో పంటలు ముగిసి చలికాలం మొదలయ్యే వేళ జరుపుకునే ‘సావిన్’ పండగ ఉంది. అక్కడ టర్నిప్ దుంపని తొలిచి దీపం పెట్టేవారు. 19వ శతాబ్దంలో ఐరిష్, స్కాటిష్ వలసదారులు ఆ అలవాటుని అమెరికా తీసుకెళ్ళారు. అక్కడ గుమ్మడికాయ పెద్దది, తొలవడం తేలిక. అలా దుంప పోయి గుమ్మడికాయ వచ్చింది.

వాళ్ళతో పాటు అల్లరీ వెళ్ళింది. ఇళ్ళ గేట్లు ఊడదీసి ఎక్కడో పెట్టడం, పెరట్లోని మరుగుదొడ్డిని పడగొట్టడం, కిటికీ అద్దాల మీద సబ్బు పూయడం, ఇవీ ఆ రోజుల్లో పిల్లల పనులు. పల్లెటూళ్ళలో నవ్వులాటగా సాగిన ఇవే పనులు 1920లు, 30ల నాటికి పట్టణాల్లో ఆస్తి నష్టంగా మారాయి. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1933 హాలోవీన్ నాటికి, కార్లు తిరగేయడం, టెలిఫోన్ స్తంభాలు కోసేయడం దాకా వచ్చింది.

ఆ ఊళ్ళు ఏం చేశాయి?

పేరెంట్స్‌గా మనకు పనికొచ్చే భాగం ఇదే. కేవలం పోలీసులతో ఈ సమస్య తీరలేదు.

మిన్నెసోటా రాష్ట్రంలో అనోకా అనే చిన్న ఊరుంది. ఒక హాలోవీన్ మర్నాడు లేచి చూస్తే మెయిన్ రోడ్డు మీద ఆవులు తిరుగుతున్నాయని ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఊరి పెద్దలు కూర్చుని 1920లో పిల్లల కోసమే ఒక ఊరేగింపు, తినుబండారాలు, పెద్ద మంట ఏర్పాటు చేశారు. అల్లరి చేసే చేతులకు పని ఇచ్చారన్నమాట. ఆ ఊరేగింపులు నేటికీ అక్కడ జరుగుతున్నాయి.

‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అనే మాట కూడా ఒక రాజీ లాంటిదే. “మిఠాయి పెడతారా, అల్లరి చెయ్యమంటారా?” అని అడగడం. 1930లలో ఉత్తర అమెరికాలో ఇది బాగా వ్యాపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో చక్కెరకు రేషన్ రావడంతో తగ్గి, యుద్ధం తర్వాత మళ్ళీ ఊపందుకుంది. 1950లో ఫిలడెల్ఫియా దగ్గర పిల్లలు మిఠాయికి బదులు యునిసెఫ్ కోసం చిల్లర డబ్బులు అడగడం మొదలుపెట్టారు. ఆ పని తర్వాత దేశమంతా పాకింది.

డెట్రాయిట్ నగరం కథ ఇంకా కష్టమైనది. అక్కడ అక్టోబర్ 30 రాత్రిని ‘డెవిల్స్ నైట్’ అనేవారు. గుడ్లు, సబ్బులతో మొదలైన అల్లరి ఖాళీ ఇళ్ళకు నిప్పు పెట్టడం దాకా వెళ్ళింది. 1984లో ఆ పండగ రోజుల్లో 800కి పైగా అగ్నిప్రమాదాలు నమోదయ్యాయి. 1995లో నగరం ఆ రాత్రికి ‘ఏంజెల్స్ నైట్’ అని పేరు మార్చింది. పిల్లలకు కర్ఫ్యూ పెట్టింది నిజమే. దానితో పాటు వేలమంది మామూలు జనం, అంటే ఇరుగుపొరుగువాళ్ళు, తమ వీధుల్లో తామే గస్తీ తిరిగారు. మంటలు తగ్గాయి.

మంచి పిల్లలే ఎందుకిలా చేస్తారు?

“మా వాడు అలాంటివాడు కాదు మేడమ్” అని తల్లులు అంటారు. నిజమే, కాదు. ఆ ఐదుగురిలో ఒకడు నా క్లాసులో బోర్డు తుడిచి వెళ్ళే పిల్లవాడు.

1976లో అచ్చయిన ఒక అధ్యయనం నాకు బీఈడీ రోజుల నుంచీ గుర్తు. అమెరికాలోని సియాటిల్‌లో హాలోవీన్ రాత్రి 27 ఇళ్ళలో, 1,300 మందికి పైగా పిల్లల్ని గమనించారు. ఇంటావిడ పిల్లల్ని పలకరించి, “తలా ఒక మిఠాయి తీసుకోండి” అని చెప్పి లోపలికి వెళ్ళిపోతుంది. పక్కన చిల్లర డబ్బుల గిన్నె కూడా ఉంటుంది. చాటు నుంచి ఒకరు చూస్తుంటారు. కొందరు పిల్లల్ని పేరు, ఇల్లు ఎక్కడని అడిగారు, కొందర్ని అడగలేదు. ఒంటరిగా వచ్చి, పేరు చెప్పిన పిల్లల్లో చెప్పినదానికన్నా ఎక్కువ తీసుకున్నవాళ్ళు సుమారు 7.5 శాతం. గుంపుగా వచ్చి, పేరు చెప్పని పిల్లల్లో 57 శాతం.

పిల్లలు అవే పిల్లలు. మారింది రెండే: గుంపు, ఎవరికీ తెలియమన్న ధైర్యం. తర్వాత 1979లో వచ్చిన మరో అధ్యయనంలో మిఠాయి గిన్నె వెనక అద్దం పెట్టారు. పేరు చెప్పిన పిల్లలు ఆ అద్దంలో తమ ముఖం తామే చూసుకునేసరికి ఎక్కువ తీసుకోవడం బాగా తగ్గింది.

స్నేహితులు పక్కనుంటే టీనేజర్లు ఎక్కువ రిస్క్ తీసుకుంటారని 2005లో కారు నడిపే వీడియో గేమ్‌తో చేసిన ప్రయోగం చూపింది. అదే ఆట ఒంటరిగా ఆడినప్పుడు జాగ్రత్తగా ఉన్నారు. పెద్దవాళ్ళలో ఈ తేడా దాదాపు కనిపించలేదు.

కాబట్టి “నీకు బుద్ధి లేదా?” అన్న ప్రశ్న వల్ల పెద్దగా లాభం లేదు. బుద్ధి ఉంది. ఆ రాత్రి మాస్కు వెనక, ఐదుగురి మధ్య, అది పనిచెయ్యలేదు.

మన భోగి గుర్తుందా?

ఇదంతా వాళ్ళ గొడవ అనుకోవద్దు. భోగి మంటకు ఎవరి పెరట్లోంచో కట్టెలు, విరిగిన కుర్చీ, వెదురు తడిక ఎత్తుకొచ్చిన కథలు మన ఇళ్ళలో ఎన్ని లేవు! మా అమ్మమ్మగారి ఊళ్ళో మా మావయ్య పక్కింటివాళ్ళ ముక్కాలిపీట మంటలో వేశాట్ట. తెల్లారేసరికి పక్కింటి తాతగారు మంట దగ్గరికే వచ్చి, “ఒరేయ్, ఫలానావాళ్ళ అబ్బాయివి కదూ!” అని చెవి మెలేశారు. సాయంత్రానికి మా తాతయ్య కొత్త పీట చేయించి ఇచ్చారు.

ఆ ‘ఫలానావాళ్ళ అబ్బాయివి’ అన్న మాటే ఆ అల్లరికి గట్టు. పిల్లవాడు ఎవరో ఊరికి తెలుసు, ఆ పీట ఎవరిదో పిల్లవాడికి తెలుసు. ఇవాళ మన పిల్లలు 300 ఫ్లాట్ల మధ్య పెరుగుతున్నారు. ఎదురింటి ఆంటీ పేరు కూడా తెలీదు. అంటే రోజూ సగం మాస్కు వేసుకునే ఉన్నారు. హాలోవీన్ రాత్రి మిగతా సగం వేసుకుంటున్నారు.

ముందుగా మీరు చేయగలిగినవి

• పార్టీకి ముగింపు సమయం పెట్టండి. పెద్ద పిల్లల్ని మరిచిపోవద్దు. చిన్నవాళ్ళకి ఆటలున్నాయి, పదమూడేళ్ళవాళ్ళకి ఏమీ లేవు, అల్లరి అక్కడ పుడుతుంది. చిన్నపిల్లల బృందాలకు లీడర్లుగా, భయం గది నడిపేవాళ్ళుగా, ఫొటోలు తీసేవాళ్ళుగా వాళ్ళకి పని ఇవ్వండి.

• పేర్లు చెప్పించండి. ప్రతి తలుపు దగ్గరా “నమస్తే ఆంటీ, నా పేరు ఇది, మా ఫ్లాట్ నంబర్ ఇది” అని చెప్పడం అలవాటు చేయండి. మీ గుమ్మం ముందుకొచ్చిన పిల్లల్నీ అలాగే అడగండి. సియాటిల్ అధ్యయనం చెప్పింది ఇదే.

• ఇష్టం ఉన్న ఇళ్ళకే వెళ్ళాలి. అమెరికాలో వరండా దీపం ఆపేసి ఉంటే ఆ ఇంటికి వెళ్ళకూడదన్నది మర్యాద. మన కమ్యూనిటీలో గుమ్మానికి ఒక కాగితం గుమ్మడికాయ అంటించినవాళ్ళ ఇళ్ళకే వెళ్ళాలని గ్రూపులో పెట్టండి.

• ఇంట్లో ఒక గీత గీయండి. “ఎదుటివాళ్ళు కూడా నవ్వితేనే అది జోక్. ఎవరో ఒకరు కడగాల్సి వచ్చినా, అతికించాల్సి వచ్చినా, భయపడాల్సి వచ్చినా అది జోక్ కాదు.” చిన్న పిల్లలకి కూడా ఇది అర్థమవుతుంది.

• బయటపడే దారి చూపండి. “నీకు ఇష్టం లేని పని ఫ్రెండ్స్ చేస్తుంటే నాకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వు. ఇంటికి రమ్మని నేనే ఫోన్ చేస్తాను, తప్పు నా మీద వేసెయ్” అని చెప్పండి. ఈ వయసులో పిల్లలకి ‘వద్దు’ అనడం కన్నా ‘మా అమ్మ పిలుస్తోంది’ అనడం తేలిక.

• ఆ వారం ఇంట్లోంచి గుడ్ల ట్రే మాయమైతే అడగండి. బ్రిటన్‌లో కొన్ని దుకాణాలు ఈ రోజుల్లో 16 ఏళ్ళలోపు పిల్లలకు గుడ్లు అమ్మవు.

విదేశాల్లో బంధువుల ఇంట్లో ఉంటే

దసరా, దీపావళి సెలవులు కలిసొచ్చి డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్ళే పిల్లలు మన స్కూల్లో ఉన్నారు. వాళ్ళకి ఒక మాట తప్పక చెప్పండి. తెలియని ఇంటి ఆవరణలోకి చీకట్లో వెళ్ళకూడదు, నిజమైనదిలా కనిపించే బొమ్మ తుపాకీ పట్టుకోకూడదు. 1992 అక్టోబర్‌లో లూసియానాలో 16 ఏళ్ళ జపాన్ విద్యార్థి ఒకడు హాలోవీన్ పార్టీ అనుకుని పొరపాటున వేరే ఇంటికి వెళ్ళి, ఆ ఇంటి యజమాని కాల్పుల్లో చనిపోయాడు. అతను ఏ అల్లరీ చెయ్యలేదు. అలాగే అక్కడ వీధిలో ఉత్తరాల పెట్టె పగలగొట్టడం పిల్లల ఆట కాదు, కేంద్ర ప్రభుత్వ చట్టం కింద నేరం.

మన దగ్గరా కావాలని ఇతరుల ఆస్తి పాడుచేయడం భారతీయ న్యాయ సంహితలోని 324వ సెక్షన్ కింద నేరమే. 18 ఏళ్ళలోపు పిల్లల విషయం 2015 నాటి జువనైల్ జస్టిస్ చట్టం ప్రకారం చూస్తారు. ఇది భయపెట్టడానికి కాదు, ‘పిల్లలు కదా, ఏం కాదు’ అనే మాట వాళ్ళు వింటుండగా అనొద్దని చెప్పడానికి.

తప్పు జరిగిపోతే

ముందు శుభ్రం చేయించండి, అదీ త్వరగా. కారు మీద గుడ్డు సొన ఎండిపోతే పెయింట్ పాడవుతుంది. వేడినీళ్ళు పోస్తే సొన ఉడికి ఇంకా అతుక్కుంటుంది. గోరువెచ్చని నీళ్ళు, మెత్తని గుడ్డ, కారు షాంపూతో నానబెట్టి తీయాలి. గీకకూడదు, పెంకులు గీతలు పెడతాయి. చెట్ల మీద టిష్యూ పేపర్ చుడితే తడవకముందే పొడిగా లాగేయాలి. మీ ఇంటి మీదే ఎవరైనా ఇలా చేస్తే కడిగే ముందు ఒక ఫొటో తీసుకోండి. పిల్లల ముఖాలున్న వీడియోని గ్రూపులో పెట్టకుండా నేరుగా వాళ్ళ తల్లిదండ్రులకు పంపండి. గ్రూపులో పరువు పోయిన పిల్లవాడికి సిగ్గు మిగులుతుంది గానీ, బాధ్యత రాదు.

పిల్లవాడు మీ వాడే అయితే మూడు పనులు: జరిగింది తన నోటితో చెప్పాలి, తన చేతులతో కడగాలి, ఖర్చులో కొంతైనా తన పాకెట్ మనీ నుంచి ఇవ్వాలి. క్షమాపణ వాట్సాప్‌లో కాదు, గుమ్మం దగ్గర. పక్కన మీరు నిలబడండి. మాట్లాడేది మాత్రం వాడే.

ఆ అబ్బాయి వాళ్ళమ్మతో నేను అదే అన్నాను. డబ్బులు కట్టేశాం కదా మేడమ్ అని ఆవిడ మొదట కొంచెం నొచ్చుకున్నారు. అయినా ఆ శనివారం కొడుకుని తీసుకుని ఆ ఇంటికి వెళ్ళారు. సోమవారం వాడే వచ్చి నాకు చెప్పాడు. ఆ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు ఉంటారు. మామ్మగారికి అప్పటికి ఆపరేషన్ అయి పది రోజులే అయింది. దొంగలనుకుని ఇద్దరూ తెల్లవార్లూ లైట్లు వేసుకుని కూర్చున్నారట. తాతగారు తిట్టలేదు. “ఆ రాత్రి మా ఆవిడ నిద్రపోలేదు నాయనా” అన్నారు, అంతే. తలుపు కడిగింది హౌస్‌కీపింగ్ అక్క. పొద్దున్న పదకొండింటిదాకా కడిగింది. ఇప్పుడు వాడికి ఆవిడ పేరు తెలుసు.

“సరదాకే” అన్న మాట వాడు మళ్ళీ అనలేదు.

ఈ ఏడాది అక్టోబర్ 31కి ముందు వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మీ కమ్యూనిటీలో ఏం ప్లాన్ చేస్తున్నారో నాతో పంచుకోండి. పండగ వద్దని నేను అనను. మాస్కు వేసుకున్నా తమ పేరు మరిచిపోని పిల్లల్ని మనం కలిసి పెంచుదాం.