సగం కట్టిన కాలనీలో ఇల్లు కొనవచ్చా?



సొంత ఇల్లు అంటే ఎవరికి ఆశ ఉండదు? అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టాలన్నా యజమానిని అడగాలి. అందుకే పైసా పైసా కూడబెడతాం. పొదుపు సంఘంలో దాస్తాం. చీటీ వేస్తాం. ఒక్కోసారి ఉన్న పొలం అమ్ముతాం. అలా పోగైన డబ్బు ఒక్కసారే ఖర్చవుతుంది. పోతే మళ్లీ రాదు. కాబట్టి ఈ విషయం మనం బాగా తెలుసుకోవాలి.

మన కె. కోటపాడు నుంచి పెందుర్తి వైపు వెళ్లినా, చోడవరం వైపు వెళ్లినా స్థలాలు అమ్మే బోర్డులు కనిపిస్తాయి. ఇప్పుడు కొన్నిచోట్ల స్థలాలే కాదు, వరస ఇళ్లు కూడా కట్టి అమ్ముతున్నారు. రెండు ఇళ్లకి మధ్య గోడ ఒకటే ఉంటుంది. ముందు వరసలో నాలుగు ఇళ్లకి రంగులు వేసి ఉంటాయి. వెనక వరసలో పునాదులే ఉంటాయి. రోడ్డు మట్టి రోడ్డు. కాలువ తవ్వలేదు. కాగితం మీద బొమ్మలో మాత్రం తారు రోడ్డు, పార్కు, నీళ్ల ట్యాంకు అన్నీ ఉంటాయి.

ఏజెంటు ఏమంటాడు? "అమ్మా, ఇప్పుడు కొంటే తక్కువ. అంతా పూర్తయ్యాక ఈ ధరకి రాదు" అంటాడు.

ఆ మాటలో కొంత నిజం ఉంది. సగంలో ఉన్న ఇల్లు చౌకగానే వస్తుంది. ఎందుకు చౌక? మిగిలిన పని ఆగిపోతే ఆ నష్టం కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది కాబట్టి. ఆ నష్టం మనం తట్టుకోగలమా? అదే అసలు ప్రశ్న.

చౌక ఎంత? ఖర్చు ఎంత?

జరిగిన సంగతి ఒకటి చూద్దాం. 2007లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాజీవ్ స్వగృహ కార్పొరేషన్ పెట్టింది. మధ్యతరగతి వాళ్లకి తక్కువ ధరకి ఇళ్లు కట్టి ఇస్తామంది. చాలాచోట్ల పనులు మధ్యలో ఆగిపోయాయి. హైదరాబాదు దగ్గర బండ్లగూడ, పోచారంలో కట్టిన ఫ్లాట్లు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. 2022లో తెలంగాణ ప్రభుత్వం వాటిని అమ్మకానికి పెట్టింది. బండ్లగూడలో పూర్తయిన ఫ్లాటుకి చదరపు అడుగు 3,000 రూపాయలు. పని మిగిలి ఉన్న ఫ్లాటుకి 2,750 రూపాయలు.

అడుగుకి తేడా 250 రూపాయలు. వెయ్యి అడుగుల ఫ్లాటు అయితే తేడా రెండున్నర లక్షలు. కొనేవాళ్లు అప్పుడేం చూడాలి? మిగిలిన పని ఆ రెండున్నర లక్షల్లో అవుతుందా అని చూడాలి. నేల బండలు, తలుపులు, కరెంటు తీగలు, నీళ్ల గొట్టాలు, రంగులు, కూలీ అన్నీ లెక్క వేయాలి. ఖర్చు అంతలోపు అయితే లాభం. దాటిపోతే అది చౌక కాదు.

ఇంకో సంగతి గమనించండి. ప్రభుత్వం మొదలుపెట్టిన ఇళ్లే అన్నేళ్లు ఆగాయి. ఒక వ్యాపారి మొదలుపెట్టినవి ఆగవని ఎవరు చెప్పగలరు?

ఇల్లు ఆలస్యమైతే రెండు ఖర్చులు కలిసి వస్తాయి. లెక్క కోసం ఇలా అనుకుందాం. మీరు ఉంటున్న ఇంటి అద్దె నెలకి 4,000. కొత్త ఇంటికి బ్యాంకు 10 లక్షలు ఇచ్చింది. వడ్డీ నెలకి నూటికి 75 పైసలు. అంటే నెలకి 7,500. ఇల్లు రెండేళ్లు ఆలస్యమైంది. అద్దె 96,000 అయింది. వడ్డీ 1,80,000 అయింది. మొత్తం 2,76,000 రూపాయలు. ఇంకా కొత్త ఇంటి గడప దాటలేదు! ఈ లెక్క ఏజెంటు చెప్పడు. మనమే వేసుకోవాలి.

ముందు కళ్లతో చూడాలి

ఆదివారం కారులో తీసుకెళ్లి చూపిస్తారు. అలా చూస్తే చాలదు. మీ అంతట మీరు ఇంకో రోజు వెళ్లండి. పనిరోజున వెళ్లండి. మేస్త్రీలు, కూలీలు పనిలో ఉన్నారా? సిమెంటు, ఇనుము దిగుతున్నాయా? లేక పునాదుల్లో తుప్పలు మొలిచాయా? తుప్పలు మొలిస్తే పని ఆగి చాలా కాలమైందన్నమాట.

వాన పడిన మర్నాడు ఒకసారి వెళ్లండి. నీళ్లు ఎటు పోతున్నాయి? దగ్గరలో గెడ్డ ఉందా? చెరువు ఉందా? పల్లంలో కట్టిన ఇంటికి ఎంత మంచి రంగు వేసినా నీళ్లు వస్తాయి.

ఇప్పటికే అక్కడ కాపురం ఉన్న ఆడవాళ్లతో మాట్లాడండి. తాగే నీళ్లు ఎక్కడి నుంచి తెస్తున్నారు? కరెంటు మీటరు వాళ్ల పేరున వచ్చిందా? లేక ఇల్లు కట్టేటప్పుడు తీసుకున్న తాత్కాలిక కరెంటే వాడుతున్నారా? రాత్రి వీధి దీపం వెలుగుతుందా? మరుగుదొడ్డి నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? వాళ్లు చెప్పే మాట బోర్డు కన్నా నిజం.

తర్వాత కాగితాలు చదవాలి

ఇప్పుడు మనకి చదువు వచ్చింది. కాగితం చూసి భయపడక్కర్లేదు. మెల్లగా, కూడబలుక్కుని అయినా చదవండి. ఈ కాగితాలు అడగండి.

ఒకటి. భూమి ఎవరిది? అమ్ముతున్న మనిషికి అది ఎలా వచ్చింది? పాత దస్తావేజులు వరసగా ఉండాలి. వాటినే లింకు డాక్యుమెంట్లు అంటారు. భూమి ఒకరిది, కట్టేవారు ఇంకొకరు అయితే వాళ్లిద్దరి మధ్య ఒప్పందం చూడాలి. మీకు వచ్చే ఇల్లు ఎవరి వాటాలోది? దాన్ని అమ్మే హక్కు ఎవరికి ఉంది?

రెండు. ఈసీ. ఆ భూమి మీద రిజిస్టరు అయిన అమ్మకాలు, తనఖాలు ఇందులో ఉంటాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గాని, మీసేవలో గాని తీసుకోవచ్చు. కాని రిజిస్టరు కాని అప్పులు, తగాదాలు ఈసీలో కనిపించవు. అందుకే ఊళ్లో కూడా వాకబు చేయాలి.

మూడు. సర్వే నంబరు. దాన్ని రాసుకుని తహసీల్దారు ఆఫీసులో అడగండి. అది ప్రభుత్వ భూమా? గెడ్డ పోరంబోకా? డి-పట్టా భూమా? 22ఎ జాబితాలో ఉందా? ఆ జాబితాలో ఉన్న భూమికి రిజిస్ట్రేషన్ జరగదు.

నాలుగు. లేఅవుట్ అనుమతి, ఇంటి ప్లాను. రోడ్లు, పార్కు స్థలం పంచాయతీకి రాసి ఇచ్చారా? ఇవ్వకపోతే ఆ పార్కే రేపు ఇంకొకరి ప్లాటు కావచ్చు.

నోటరీ కాగితం మీద, తెల్ల కాగితం మీద, జీపీఏ మీద ఇల్లు మన సొంతం కాదు. జీపీఏ అంటే ఒకరి తరఫున పనులు చేయడానికి ఇచ్చే అధికారం మాత్రమే. జీపీఏ అమ్మకంతో హక్కు రాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్టరు అయిన అమ్మకం దస్తావేజు ఉండాలి.

రెరా చట్టం ఏం చెబుతుంది?

ఇలాంటి మోసాలు ఆపడానికి 2016లో ఒక చట్టం చేశారు. దాన్ని రెరా అంటారు. 2017 మే 1 నుంచి అది పూర్తిగా అమలులోకి వచ్చింది. స్థలం 500 చదరపు మీటర్లు దాటి, ఇళ్లు ఎనిమిది కన్నా ఎక్కువ ఉంటే ఆ కాలనీని రెరాలో నమోదు చేయాలి. 500 చదరపు మీటర్లంటే సుమారు 12 సెంట్ల పైన. నమోదు కాకుండా ప్రకటన వేయకూడదు. అమ్మకూడదు.

ఈ చట్టంలో మనకి పనికొచ్చే మాటలు ఇవి:

రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ఇంటి ధరలో నూటికి పది రూపాయల కన్నా ఎక్కువ తీసుకోకూడదు. ఇల్లు 20 లక్షలయితే 2 లక్షలు దాటి అడగకూడదు.

కొన్నవాళ్లు ఇచ్చే డబ్బులో నూటికి 70 రూపాయలు విడిగా బ్యాంకు ఖాతాలో ఉంచాలి. దాన్ని ఆ కాలనీ భూమికి, కట్టుబడికే వాడాలి.

చెప్పిన తేదీకి ఇల్లు ఇవ్వకపోతే మనం మానుకోవచ్చు. అప్పుడు కట్టిన డబ్బు వడ్డీతో తిరిగి ఇవ్వాలి. ఇల్లే కావాలనుకుంటే ఆలస్యమైన ప్రతి నెలకి వడ్డీ ఇవ్వాలి.

ఇల్లు అప్పగించాక ఐదేళ్లలోపు కట్టుబడిలో లోపం బయటపడితే కట్టినవాళ్లే ఊరికే బాగు చేయాలి.

బోర్డు మీద రెరా నంబరు ఉంటుంది. రాసుకోండి. రెరా వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి చూపించమని చదువుకున్న పిల్లల్ని అడగండి. ఇల్లు ఏ తేదీకి ఇస్తామని రాశారో అక్కడ ఉంటుంది. ఏజెంటు చెప్పిన తేదీ, అక్కడి తేదీ ఒకటేనా చూడండి.

నాలుగైదు ఇళ్లే కట్టి అమ్మితే రెరా నమోదు అక్కర్లేదు. అలాంటిచోట మనమే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మాటకి డబ్బు ఇవ్వొద్దు

అగ్రిగోల్డ్ సంగతి మన జిల్లాల్లో తెలియనివాళ్లు తక్కువ. డబ్బు కడితే స్థలమైనా ఇస్తాం, పెంచి డబ్బయినా ఇస్తాం అన్నారు. కేంద్ర దర్యాప్తు సంస్థ ఈడీ లెక్క ప్రకారం సుమారు 32 లక్షల మంది దగ్గర 6,380 కోట్ల రూపాయలు పోగు చేశారు. కట్టినవాళ్లలో కూలీలు, చిన్న రైతులు, ఆడవాళ్లు ఎందరో. చివరికి రాష్ట్ర ప్రభుత్వం 2019లో, 2021లో చిన్న మొత్తాలు కట్టినవాళ్లకి కొంత చెల్లించాల్సి వచ్చింది.

వాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు. తెలిసిన మనిషి చెబితే నమ్మారు. మనిషిని నమ్మడం తప్పు కాదు. కాని డబ్బు ఇచ్చేటప్పుడు కాగితం కూడా ఉండాలి.

అందుకే ఈ పద్ధతి పాటించండి. పని ఎంతవరకు అయితే డబ్బు అంతవరకే. పునాదికి ఇంత, శ్లాబుకి ఇంత, తలుపులకి ఇంత అని ఒప్పందంలో రాయించండి. ఏ తేదీకి ఇస్తారో రాయించండి. నీళ్లు, కరెంటు, కాలువ, రోడ్డు ఎవరు వేయాలో రాయించండి. చివరి వాయిదా తాళం చేతికి వచ్చాకే ఇవ్వండి. డబ్బు బ్యాంకు ద్వారా ఇవ్వండి. రసీదు తీసుకోండి.

అయితే కొనాలా, వద్దా?

మీ ఇల్లు పూర్తయి, నీళ్లు, కరెంటు వచ్చి, కాగితాలు సరిగా ఉంటే కొనవచ్చు. పక్క వరస మిగిలి ఉన్నా ఫరవాలేదు. అది ఎప్పటికీ అలాగే ఉండిపోయినా మీ కాపురం సాగుతుంది గదా.

మీ ఇల్లే పునాదిలో ఉందా? అయితే రెరా నంబరు, రిజిస్టరు ఒప్పందం, బ్యాంకు లోను ఈ మూడూ చూడండి. ఏ బ్యాంకూ ఆ ఇంటికి లోను ఇవ్వనంటే ఎందుకో అడగండి. ఆ జవాబు తెలిసేదాకా ఆగండి.

"ఈ రోజే కట్టాలి, రేపు ధర పెరుగుతుంది" అని తొందర పెడితే లేచి వచ్చేయండి. కాగితాలు ఇంటికి ఇవ్వనంటే కూడా వచ్చేయండి. ఇల్లు పోతే ఇంకో ఇల్లు దొరుకుతుంది.

ఇంటి దస్తావేజులో మీ పేరు కూడా రాయించండి. సంతకం పెట్టేముందు అంతా చదవండి. గజాలు సరిగా ఉన్నాయా? నాలుగు వైపులా హద్దులు రాశారా? అర్థం కాకపోతే లాయరుకి చూపించండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఉచిత న్యాయ సహాయం ఉంది. ఆదాయంతో పని లేదు. 15100 నంబరుకి ఫోను చేయవచ్చు.

అందరూ కలిసి మాట్లాడండి

1. మీకు దగ్గరలో సగంలో ఆగిన కాలనీ ఉందా? అది ఎందుకు ఆగింది?
2. ఒక ఇల్లు 18 లక్షలు. ఒప్పందం రిజిస్టరు కాకముందు ఎంతవరకు ఇవ్వవచ్చు? లెక్క కట్టండి.
3. మీ ఇంటి దస్తావేజు గాని, పొలం పాసుపుస్తకం గాని బయటికి తీయండి. అందులో ఎవరి పేరు ఉందో చదవండి. సర్వే నంబరు మీ పుస్తకంలో రాసుకోండి.