యాభైవేల మంది... ఒక్క ఎత్తు!

ఒకవైపు ఒకే ఒక్కడు. రెండోవైపు 75కు పైగా దేశాల నుంచి 50 వేల మందికి పైగా జనం. మధ్యలో 64 గళ్ల చదరంగం బల్ల. ఏ పావు జరపాలన్నా ముందు ఓటింగ్ జరగాలి. 1999లో ఇంటర్నెట్‌లో నడిచిన ఆ విచిత్రమైన ఆట నాలుగు నెలలపాటు చదరంగం ప్రపంచాన్ని ఊపేసింది. నలుగురూ కలిసి ఆలోచిస్తే ఎంత బలమో చెప్పింది. నిర్వహణలో చిన్న తేడా వస్తే ఆ బలమంతా ఏమైపోతుందో కూడా చెప్పింది.

చదరంగం ఇద్దరు ఆడే ఆట. పక్కన నిలబడి 'గుర్రం జరుపు, ఏనుగు తియ్యి' అని సలహాలిచ్చేవాళ్లను చూస్తే ఆడేవాళ్లకు ఒళ్లు మండిపోతుంది. అలాంటిది, సలహాలిచ్చేవాళ్లందరినీ ఓ జట్టుగా చేసి 'మీరే ఆడండి' అంటే? ఆ ఆలోచనలోంచి పుట్టిందే ఓటు చదరంగం. జట్టులోని ప్రతి ఒక్కరూ తమకు నచ్చిన ఎత్తుకు ఓటేస్తారు. ఎక్కువ ఓట్లు ఏ ఎత్తుకు పడితే దాన్నే బల్లమీద వేస్తారు.

వినడానికి తేలిగ్గానే ఉంటుంది. 1996లో అప్పటి ఫిడే ప్రపంచ ఛాంపియన్ అనతోలీ కార్పోవ్‌తో ఇలాంటి ఆటే ఆడించారు. ప్రపంచం నలుమూలల నుంచీ జనం ఓట్లేశారు. కానీ ఆడేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలు పెద్దగా లేదు. కార్పోవ్ సునాయాసంగా గెలిచేశాడు.

ఎందుకలా? చదరంగంలో ప్రతి ఎత్తు వెనకా ఓ పథకం ఉంటుంది. నిన్న ఒక పథకంతో గుర్రాన్ని ముందుకు పంపిన జట్టు, ఇవాళ ఇంకో పథకానికి ఓటేసి శకటును వెనక్కి లాగితే రెండూ చెడతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. వందమంది ఓటర్లున్నారనుకుందాం. రెండు మంచి ఎత్తులకు చెరో 30 ఓట్లు పడ్డాయి. పైకి ఆకర్షణీయంగా కనిపించే ఓ చెడ్డ ఎత్తుకు 40 పడ్డాయి. 60 మంది వద్దనుకున్నా గెలిచేది ఆ చెడ్డ ఎత్తే!

నలుగురు పిల్లలు సలహాదారులు

మూడేళ్ల తర్వాత మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఎంఎస్ఎన్ గేమింగ్ జోన్‌లో మళ్లీ ఆ ప్రయోగానికి సిద్ధమైంది. ఈసారి ఎదురుగా ఉన్నది గ్యారీ కాస్పరోవ్. వయసు 36. ఆ ఏడాది జులైలో ఆయన రేటింగ్ 2851... అప్పటికి అంత ఎత్తుకు వెళ్లినవాళ్లెవరూ లేరు.

నిర్వాహకులు ఈసారి జాగ్రత్తపడ్డారు. ప్రపంచ జట్టుకు నలుగురు సలహాదారుల్ని పెట్టారు. నలుగురూ కుర్రవాళ్లే. ఫ్రాన్స్ గ్రాండ్‌మాస్టర్ ఎటియెన్ బాక్రోకు 16, అమెరికా ఆటగాడు ఫ్లోరిన్ ఫెలెకాన్‌కు 19, జర్మనీ అమ్మాయి ఎలిజబెత్ పేట్జ్‌కు 14. నాలుగో సలహాదారు ఐరీనా క్రష్. ఉక్రెయిన్‌లోని ఒడెసాలో పుట్టి అమెరికాలో పెరిగిన అమ్మాయి. అంతకు ముందు ఏడాదే అమెరికా మహిళల ఛాంపియన్ అయింది. ఆటనాటికి 15 ఏళ్లు.

ప్రతి ఎత్తుకూ ఈ నలుగురూ తమ అభిప్రాయం రాస్తారు. జనం అవి చదివి, చర్చావేదికలో వాదులాడుకుని, ఆపైన ఓటేస్తారు. వ్యాఖ్యాతగా బ్రిటన్ గ్రాండ్‌మాస్టర్ డేనియల్ కింగ్ ఉన్నారు. టైంటేబుల్ కూడా పక్కాగా వేశారు. కాస్పరోవ్ ఆలోచించుకోవడానికి 12 గంటలు. సలహాదారుల విశ్లేషణకు 12 గంటలు. ఓటింగ్‌కు 18 గంటలు. ఓట్లు సరిచూడ్డానికి 6 గంటలు. అంటే రెండు రోజులకో ఎత్తు!

జూన్ 21న కాస్పరోవ్ తెల్లపావులతో ఆట మొదలుపెట్టాడు. రాజు ముందున్న బంటును రెండు గళ్లు జరిపాడు. ప్రపంచం 41 శాతం ఓట్లతో సిసీలియన్ రక్షణను ఎంచుకుంది.

పదో ఎత్తు మలుపు

మొదటి తొమ్మిది ఎత్తులూ పుస్తకాల్లో ఉన్న దారిలోనే సాగాయి. పదో ఎత్తు దగ్గర కథ మారింది. నల్ల మంత్రిని ఇ6 గడిలోకి తెమ్మని ఐరీనా సలహా ఇచ్చింది. అప్పటిదాకా పెద్ద ఆటల్లో ఎవరూ వేయని ఎత్తది. ఆ మంత్రి ఒకేసారి తెల్ల బంట్లు రెండింటిమీద గురిపెడుతుంది. బదులుగా ఓ ఏనుగును పోగొట్టుకోవాల్సి ఉంటుంది. సాహసమే! అయినా 53 శాతం మంది 'సై' అన్నారు.

ఆ తర్వాత బల్లమీద మంటలే. కాస్పరోవ్ గుర్రం మూలనున్న ఏనుగును తినేసింది. తిరిగి రాలేక అదీ బలైపోయింది. ఈలోగా నల్ల మంత్రి రెండు బంట్లు లాగేసింది. లెక్క తేలేసరికి ప్రపంచం ఓ ఏనుగునిచ్చి గుర్రాన్నీ రెండు బంట్లనీ తీసుకుంది. ఎవరిది పైచేయో చెప్పలేని పరిస్థితి. సరదాగా మొదలైన ప్రదర్శన ఆట కాస్తా కాస్పరోవ్‌కు పరీక్షగా మారింది. తన జీవితంలో మరే ఆటకూ ఇంత శ్రమ పడలేదని ఆయనే తర్వాత చెప్పాడు.

ఈ బలం ఎక్కణ్నుంచి వచ్చింది? ఓటేసిన వేలమందిలో ఎక్కువమంది మామూలు ఆటగాళ్లే. కానీ చర్చావేదికలో రాత్రింబవళ్లు లెక్కలు వేసినవాళ్లలో గట్టి ఆటగాళ్లు ఉన్నారు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఓ గ్రాండ్‌మాస్టర్ల బృందం కూడా తన విశ్లేషణలు అందించింది. 'ఈ ఎత్తు వేస్తే అతడు ఇలా వేస్తాడు, అప్పుడు మనం అలా వేద్దాం' అంటూ వచ్చిన వందల సూచనల్ని చెట్టు కొమ్మల్లా ఒకచోట పేర్చే పని ఐరీనా, ఆమె వెనకున్న బృందం తలకెత్తుకున్నారు. జనానికి ఓ తాడు దొరికింది. నిన్నటి ఎత్తుకూ రేపటి ఎత్తుకూ లంకె కుదిరింది. పదో ఎత్తు నుంచి యాభయ్యో ఎత్తు వరకూ ప్రపంచం ప్రతిసారీ ఐరీనా చెప్పిన ఎత్తుకే ఓటేసింది.

ఇక్కడో విశేషం ఉంది. జట్టు చర్చలన్నీ బహిరంగంగానే సాగేవి. వాటిని తానూ చదివేవాడినని కాస్పరోవ్ దాచుకోలేదు. ప్రత్యర్థి గుడారంలో మాటలు వింటూ యుద్ధం చేయడమే కదా అని కొందరు తప్పుపట్టారు. అంత రహస్యమైతే అందరికీ కనిపించేచోట ఎందుకు మాట్లాడుకున్నారని ఇంకొందరు వెనకేసుకొచ్చారు.

ఓట్ల దగ్గర గొడవ

ఆట చివరి అంకానికి చేరింది. బల్లమీద రాజులు, మంత్రులు, మూడు నాలుగు బంట్లు మాత్రమే మిగిలాయి. ఎవరి బంటు ముందు చివరి వరసకు చేరితే వాళ్లదే రాజ్యం. ఇలాంటి చోట ఒక్క ఎత్తు అటూఇటూ అయినా అంతే సంగతులు.

51వ ఎత్తుకు ఐరీనా రాజును మూలకు జరపమంది. ఓటింగ్‌లో గెలిచింది మాత్రం బంటు ఎత్తు. ఆ బంటు ఎత్తుకు దొంగ ఓట్లు గుద్దింది తానేనని ఓ వ్యక్తి ప్రకటించుకున్నాడు. అది నిజమో కాదో తేలలేదు. కానీ అనుమానం పుట్టాక ఓటు విలువ తగ్గిపోయింది.

58వ ఎత్తు దగ్గర ఇంకో దెబ్బ. ఐరీనా సిఫార్సు సమయానికి సైట్‌లో కనిపించలేదు. ఆమె మాట కోసం ఎదురుచూసి లాభం లేక జనం వేరే ఎత్తుకు ఓటేశారు. ఆ ఎత్తుతో ఓటమి ఖాయమైపోయిందనిపించి చాలామందికి కడుపు మండింది. 59వ ఎత్తుకు నిరసనగా మంత్రిని ఊరికే చంపుకొనే ఎత్తుకు ఓట్లు గుప్పించారు. నిర్వాహకులు ఆ ఓట్లను లెక్కలోకి తీసుకోకుండా మరో ఎత్తు వేశారు. అభిమానుల కోపం రెట్టింపయింది. తమకు నచ్చని ఓట్లను పక్కన పెట్టేటట్టయితే ఓటింగ్ ఎందుకన్నది వాళ్ల ప్రశ్న.

అక్టోబరు 22న, కాస్పరోవ్ 62వ ఎత్తు తర్వాత, 51 శాతం ఓట్లతో ప్రపంచం ఓటమి ఒప్పుకుంది. ఓడిపోవాలా వద్దా అన్నది కూడా ఓటుతోనే తేలిందన్నమాట! డేనియల్ కింగ్‌తో కలిసి కాస్పరోవ్ ఈ ఒక్క ఆటమీదే పుస్తకం రాశాడు.

పాతికేళ్ల తర్వాత...

ఆ ఓటమికి ప్రతీకారం లాంటిది పాతికేళ్లు దాటాక దక్కింది. మధ్యలో 2024లో మన విశ్వనాథన్ ఆనంద్ చెస్.కామ్‌లో దాదాపు 70 వేలమందితో తలపడ్డాడు. గెలుపు ఆనంద్‌దే. 2025 ఏప్రిల్ 4న నార్వే దిగ్గజం మాగ్నస్ కార్ల్‌సన్ అదే సైట్‌లో ప్రపంచాన్ని సవాలు చేశాడు. ఈసారి ఎదుట 1,43,000 మందికి పైగా ఉన్నారు. ఒక్కో ఎత్తుకు 24 గంటల గడువు. పైగా ఇది ఫ్రీస్టయిల్ చదరంగం. బంట్లు తప్ప మిగతా పావుల స్థానాలు మొదట్లోనే తారుమారుగా ఉంటాయి. కాబట్టి బట్టీపట్టిన ఆరంభాలు పనికిరావు.

కార్ల్‌సన్‌దే విజయమని చాలామంది అనుకున్నారు. కానీ మే 19న, 32వ ఎత్తు దగ్గర, ప్రపంచం ఆయన రాజుకు వరసగా చెక్ చెబుతూ అదే స్థితిని మూడోసారి తీసుకొచ్చింది. నిబంధన ప్రకారం ఆట డ్రా. జట్టు మొదట్నుంచీ చాలా పొందిగ్గా ఆడిందని కార్ల్‌సనే మెచ్చుకున్నాడు.

మీ బడిలోనూ... అపార్ట్‌మెంట్‌లోనూ

ఈ ఆటకు ఛాంపియన్లే కావాలని లేదు. చెస్.కామ్‌లో క్లబ్బుల మధ్య ఓటు చదరంగం ఆడుకునే ఏర్పాటు ఉంది. అదీ అక్కర్లేదనుకుంటే బడి లైబ్రరీలోనో అపార్ట్‌మెంట్ కింద హాల్లోనో ఓ బల్ల పరిచి, ఎనిమిదో తరగతికీ తొమ్మిదో తరగతికీ పోటీ పెట్టొచ్చు. రోజుకో ఎత్తు చాలు. పెద్ద ఆటల్లో తగిలిన దెబ్బల్ని గుర్తుపెట్టుకుంటే సగం గొడవలు రావు.

మొదటిది, ఒక మనిషికి ఒకే ఓటు. పేర్ల జాబితా ముందే రాసుకోవాలి. రెండోది, చర్చ ముందు, ఓటు తర్వాత. ఎత్తు చెప్పేవాళ్లు 'ఎందుకు' అన్నది కూడా చెప్పాలి. మూడోది, జట్టు మాటలు అవతలి జట్టు చెవిన పడకూడదు. నాలుగోది, ఓటు రహస్యంగా ఉండాలి. వాట్సప్ గ్రూపులో పోల్ పెడితే ఎవరు దేనికి వేశారో కనిపిస్తుంది. దాంతో తరగతి ఫస్టు దేనికి వేస్తే మిగతావాళ్లూ దానికే వేసేస్తారు. చీటీలు మేలు. అయిదోది, ఓట్లు సమానంగా పడితే ఏం చేయాలో, డ్రా అడగాలన్నా ఓటమి ఒప్పుకోవాలన్నా ఎందరు 'సరే' అనాలో ఆట మొదలుకాక ముందే రాసిపెట్టుకోవాలి. మధ్యలో నిబంధన మారిస్తే ఎంత మంచి నిర్వాహకుడినైనా ఎవరూ నమ్మరు.

ఇక కంప్యూటర్ సాయం. కాస్పరోవ్ 1997లోనే డీప్‌బ్లూ కంప్యూటర్ చేతిలో ఓడాడు. ఇప్పుడు జేబులోని ఫోను కూడా ఛాంపియన్‌ను మించి ఆడుతుంది. దాన్ని అడిగి ఓటేస్తే పిల్లలకు మిగిలేది వేలినొప్పే. వద్దని ముందే ఒట్టు పెట్టించుకోవాలి.

ఇలాంటి ఆటతో పిల్లలకు అబ్బేది చదరంగం ఒక్కటే కాదు. తన ఎత్తే గొప్పదనుకునే కుర్రాడు ఓటింగ్‌లో ఓడిపోతాడు. మర్నాడు జట్టు వేసిన ఎత్తును తన ఎత్తుగా భావించి, అక్కణ్నుంచి గెలిచే దారి వెతకాలి. పెద్దవాళ్లకు కూడా అంత తేలిగ్గా పట్టుబడని విద్య అది!