స్ట్రాబెరీ తోటకు ప్లాస్టిక్ దుప్పటి ఎందుకు?

పిల్లలూ! కాలిఫోర్నియాలో స్ట్రాబెరీ నాటేముందు నేలలోని తెగుళ్ళు, నులిపురుగులు చావడానికి మట్టిలోకి విషవాయువు ఎక్కించి, పైన ప్లాస్టిక్ షీటు కప్పుతారు.

పూర్వం మిథైల్ బ్రోమైడ్ వాడేవారు. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1992లో మాంట్రియల్ ఒప్పందంలో చేర్చారు. అమెరికాలో 2005 నుంచి, కొన్ని మినహాయింపులతో, ఆపేశారు. ఈ తోటలకిచ్చిన మినహాయింపు 2016తో ముగిసింది.

దాని బదులు వచ్చినవి క్లోరోపిక్రిన్, 1,3-డైక్లోరోప్రొపీన్. ఇవి గాలిలో కొద్ది రోజుల్లోనే విరిగిపోతాయి కనుక ఓజోన్ జోలికి పోవు. కానీ ఆలోగా గాలివాటున పక్కనున్న ఇళ్ళకు, బడులకు చేరవచ్చు. క్లోరోపిక్రిన్ తగిలితే కళ్ళు మండుతాయి.

అందుకే నేల తడిపి, మందు లోతుగా వేసి, వాయువు దూరని షీటు కప్పాలి. అప్పుడది చాలావరకు మట్టిలోనే విరిగిపోతుంది. పైనున్న ఓజోన్‌తో పాటు, తోటలో కూలీలూ పక్క బడి పిల్లలూ పీల్చే గాలినీ కాపాడుకోవాలి కదా!