సెలబ్రిటీలు అక్కర్లేదు.. షాపులో పనిచేసేవాళ్లే స్టార్లు! తెనాలి, బాపట్ల, రేపల్లె చిన్న వ్యాపారులు ఫోన్‌తోనే పబ్లిసిటీ చేసుకోవచ్చు.. ఎలాగంటే?

పెద్ద షాపింగ్ మాల్ పెడితే హీరోయిన్ వచ్చి రిబ్బన్ కట్ చేస్తుంది. టీవీల్లో యాడ్లు, హైవే మీద హోర్డింగులు ఉంటాయి. మరి తెనాలిలో చీరల కొట్టు, బాపట్లలో బియ్యం షాపు, రేపల్లెలో చేపల దుకాణం నడిపేవాళ్ల పరిస్థితేంటి? గుంటూరు, విజయవాడ మాల్స్ ఒకవైపు, ఆన్‌లైన్ యాప్‌లు మరోవైపు కస్టమర్లను లాగేస్తుంటే, యాడ్ల మీద లక్షలు పెట్టే స్తోమత వీళ్లకు ఉండదు. కానీ పెద్ద మాల్స్‌కి లేనిది ఒకటి వీళ్ల దగ్గర ఉంది. ఏళ్ల తరబడి అదే కౌంటర్‌లో నిలబడి, సరుకు గురించి అణువణువూ తెలిసిన పనివాళ్లు.

ఒకప్పుడు ఈ ఊళ్లలో కొత్త షాపు పెడితే రిక్షాకు మైకు కట్టి ఊరంతా తిప్పేవారు. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి స్లైడ్ వేయించేవారు. పొద్దున్నే న్యూస్ పేపర్లో కరపత్రం పెట్టించేవారు. ఇప్పుడు ఆ పని ఫోన్ చేస్తోంది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌పై నిషేధం పడగానే, జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. వీటిలో ఫాలోవర్లు లేని కొత్త అకౌంట్ పెట్టిన వీడియో కూడా వేలమందికి చేరే ఛాన్స్ ఉంటుంది. యాప్ మొదట కొంతమందికి చూపిస్తుంది. వాళ్లు చివరిదాకా చూస్తే, వేరేవాళ్లకు షేర్ చేస్తే ఇంకొంతమందికి పంపిస్తుంది. రెండు సెకన్లకే పైకి తోసేస్తే అక్కడితో సరి. అంటే ఇక్కడ ఎంత ఖర్చు పెట్టారన్నది కాదు, ఎంతసేపు చూశారన్నదే లెక్క.

తెనాలి దగ్గరే ప్రపంచానికి తెలిసిన ఉదాహరణ

ఇదంతా సిటీ వాళ్లకే కుదురుతుంది అనుకునేవాళ్లు మస్తానమ్మను గుర్తు చేసుకోవాలి. తెనాలి ప్రాంతంలోని గుడివాడ గ్రామానికి చెందిన ఈ అవ్వ వందేళ్లు దాటిన వయసులో యూట్యూబ్ స్టార్ అయ్యారు. కుటుంబానికి చెందిన కుర్రాడు, అతని స్నేహితుడు కలిసి 2016లో ‘కంట్రీ ఫుడ్స్’ ఛానల్ మొదలుపెట్టారు. స్టూడియో లేదు, మేకప్ లేదు. ఆరుబయట కట్టెల పొయ్యి మీద అవ్వ వండుతుంటే తీశారు. పుచ్చకాయలో వండిన చికెన్ వీడియో అయితే ప్రపంచమంతా తిరిగింది. 2018 డిసెంబర్‌లో ఆమె చనిపోయేనాటికి ఛానల్‌కు 10 లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లు ఉన్నారు.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒక్కటే. ఆ కుర్రాళ్లు బయట నుంచి యాంకర్‌ను తేలేదు. ఇంట్లో ఎవరి చేతిలో పనితనం ఉందో కనిపెట్టి, దాన్ని ఉన్నది ఉన్నట్టు చూపించారు. చిన్న షాపు యజమాని చేయాల్సింది కూడా అదే.

తెనాలి శిల్పులదీ ఇలాంటి కథే. పాత బోల్టులు, నట్లు, ఇనుప తుక్కుతో విగ్రహాలు చేసే కాటూరి వెంకటేశ్వరరావు, రవిచంద్ర తండ్రీకొడుకులు 2021లో ప్రధాని మోదీ 14 అడుగుల విగ్రహం తయారుచేస్తే దేశవ్యాప్తంగా వార్త అయింది. జనం ఆగి చూసింది విగ్రహాన్నే కాదు.. తుక్కు విగ్రహంగా ఎలా మారుతోందన్న పనితనాన్ని. ఏ వ్యాపారంలోనైనా తయారీ చూపిస్తే జనం ఆగుతారు.

ఎవరిలో ఏ టాలెంట్ ఉందో కనిపెట్టడం ఎలా?

టాలెంట్ అంటే డ్యాన్స్ చేయడం, డైలాగులు చెప్పడం ఒక్కటే కాదు. తెనాలి నాటకాల ఊరు. సావిత్రి, గుమ్మడి, జగ్గయ్య, కృష్ణ లాంటివాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. పద్యం పాడేవాళ్లు, మిమిక్రీ చేసేవాళ్లు ఇప్పటికీ ఏదో ఒక కౌంటర్‌లో దొరుకుతారు. అయితే వ్యాపారానికి ఎక్కువ పనికొచ్చేది చేతిపని, సరుకు మీద పట్టు.

బియ్యం షాపు సంగతే చూద్దాం. రోజూ ‘బీపీటీ బియ్యం ఉన్నాయా’ అని అడిగేవాళ్లలో చాలామందికి ఆ పేరు ఎక్కడిదో తెలియదు. బీపీటీ అంటే బాపట్లే. సాంబ మసూరిగా పేరుపడ్డ బీపీటీ 5204 రకం బాపట్లలోనే పుట్టింది, 1986లో విడుదలైంది. కొట్లో పనిచేసే కుర్రాడు నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని ‘ఇవి మన ఊరి పేరున్న బియ్యం. పాతవేవో, కొత్తవేవో ఇలా చూసుకోండి’ అని 40 సెకన్లలో చెబితే చాలు. అది యాడ్‌లా ఉండదు. అక్కా, అన్నా అని పక్కింటి కుర్రాడు చెప్పినట్టుంటుంది. అలాంటిదే షేర్ అవుతుంది.

రేపల్లెలో చేపల దుకాణం అయితే చేప శుభ్రం చేసే ఆమె కన్నా బాగా చెప్పేవాళ్లెవరు? కన్ను తేటగా ఉండాలి, మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి రావాలి. ఈ మూడు మాటలే ఒక వీడియో. తెనాలి బెల్లం జిలేబీ వేసే మాస్టారి చెయ్యి నూనెలో తిరుగుతుంటే మాట కూడా అవసరం లేదు. చీరల షాపులో సేల్స్‌గాళ్ నిమిషంలో కుచ్చిళ్లు పెట్టి చూపిస్తే అదో వీడియో. టైలర్ పాత పట్టుచీరను పిల్ల లంగాగా మారిస్తే అదింకో వీడియో.

పనివాళ్లందరినీ ఓ సాయంత్రం టీ తాగుతూ ఒకే ప్రశ్న అడగాలి. ‘కస్టమర్లు మిమ్మల్ని రోజూ అడిగేదేంటి?’ వచ్చిన పది సమాధానాలే పది వీడియోలు. కొందరికి కెమెరా ముందుకు రావాలంటే సిగ్గు. వాళ్లలో ఒకరు బాగా తీస్తారు, ఒకరు ఎడిటింగ్ చేస్తారు, ఒకరు కామెంట్లకు ఓపిగ్గా బదులిస్తారు. అదీ టాలెంటే.

ఫోన్ ఒక్కటి చాలు.. కానీ ఇవి మర్చిపోవద్దు

ఫోన్ నిలువుగా పట్టుకోవాలి. పగటి వెలుతురు ముఖం మీద పడాలి, వెనక నుంచి రాకూడదు. ఫ్యాను ఆపితే మాట స్పష్టంగా వినిపిస్తుంది. ‘హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్’ అని మొదలుపెడితే జనం పైకి తోసేస్తారు. అసలు విషయం మొదటి మూడు సెకన్లలోనే రావాలి. చాలామంది సౌండ్ ఆపి చూస్తారు కాబట్టి స్క్రీన్ మీద తెలుగులో రెండు ముక్కలు రాయాలి. ధర, షాపు ఎక్కడుందన్నది తప్పనిసరి. ‘ధర కోసం ఇన్‌బాక్స్’ అంటే సగం మంది అక్కడే వెళ్లిపోతారు.

ఏ యాప్ దేనికన్నది కూడా ముఖ్యమే. రీల్స్, షార్ట్స్ కొత్తవాళ్లకు కనిపించడానికి. వాట్సాప్ బిజినెస్ పాత కస్టమర్లను నిలబెట్టుకోవడానికి. ఇది ఉచితం, సరుకు ఫొటోలు, ధరలతో క్యాటలాగ్ పెట్టుకోవచ్చు. అయితే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ షాపు నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే నంబర్ సేవ్ చేసుకోమనాలి. ఇక గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేరు, టైమింగ్స్, ఫొటోలు ఉంటే సూర్యలంక బీచ్‌కు వచ్చిన హైదరాబాద్ వాళ్లు కూడా వెతుక్కుంటూ వస్తారు.

డబ్బు పెట్టి వీడియో బూస్ట్ చేయాలనుకుంటే మ్యాప్‌లో ఏరియా చూసుకోవాలి. రేపల్లె షాపుకు కస్టమర్లు ఊళ్లోనే కాదు, పెనుమూడి వారధి దాటి అవనిగడ్డ వైపు నుంచి కూడా వస్తారు. రాష్ట్రమంతా అని పెట్టేస్తే డబ్బులు వృథా.

రూల్స్ తెలుసా? లేదంటే ఇబ్బందే

సొంత షాపు వీడియోనే కదా అని ఏదిపడితే అది చెప్పడానికి లేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. చట్ట ప్రకారం రూ.10 లక్షల వరకు, మళ్లీ మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు జరిమానా పడొచ్చు. పవర్‌లూమ్ చీరను చేనేత అనడం, స్టాక్ లేని సరుకుకు తక్కువ ధర చూపించి జనాన్ని రప్పించడం లాంటివి అస్సలు చేయకూడదు. పనివాళ్లు తమ సొంత అకౌంట్‌లో షాపు సరుకు గురించి చెబితే, తాము అక్కడే పనిచేస్తున్నామని స్పష్టంగా చెప్పాలి. కస్టమర్‌లా నటించడం మోసం కిందికే వస్తుంది.

సినిమా పాటలతోనూ జాగ్రత్త. మామూలు అకౌంట్‌లో దొరికే పాటలన్నీ వ్యాపారానికి వాడుకునే హక్కు ఉండదు. బిజినెస్ అకౌంట్లకు విడిగా ఇచ్చే మ్యూజిక్ వాడాలి. షాపులో చప్పుళ్లు, పనివాళ్ల మాటలు ఉంటే ఇంకా మంచిది. తినే వస్తువులు అమ్మేవాళ్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే.

ముఖం వాళ్లది.. లాభం ఒక్కరిదేనా?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వీడియో వైరల్ అయితే గల్లాపెట్టె నిండేది యజమానికి. కామెంట్లలో తిట్లు పడేది మాత్రం కెమెరా ముందున్న అమ్మాయికి. అందుకే మొదటి వీడియోకు ముందే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇష్టం లేనివాళ్లను బలవంతం చేయకూడదు. ‘రానంటే జీతం కట్’ లాంటి మాట అసలు రాకూడదు. షూటింగ్ డ్యూటీ టైంలోనే జరగాలి. వీడియోలకు నెలకు ఇంత అనో, వాటి వల్ల వచ్చిన అమ్మకాల్లో ఇంత అనో ముందే చెప్పాలి. పని మానేశాక పాత వీడియోలు ఉంచాలా తీసేయాలా అన్నది ఓ కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి.

ఆడపిల్లల ఇంటిపేరు, ఊరు, సొంత నంబర్ వీడియోలో రాకూడదు. అసభ్య పదాలు వచ్చే కామెంట్లను ముందే దాచేసే సెట్టింగ్ యాప్‌ల్లో ఉంది, అది ఆన్ చేయాలి. హద్దు దాటినవాళ్లను బ్లాక్ చేసి, స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదు చేసే బాధ్యత యజమానిదే.

ఇటువైపు యజమాని జాగ్రత్తలూ ఉన్నాయి. పేజీ షాపు మెయిల్ ఐడీతోనే తెరవాలి. కుర్రాడి సొంత నంబర్‌తో తెరిస్తే, అతను వేరే షాపుకు వెళ్లిన రోజు ఫాలోవర్లంతా అతనితోనే వెళ్లిపోతారు. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోవాలి. ‘మీ పేజీ డిలీట్ అవుతుంది, ఈ లింక్ నొక్కండి’ అనే మెసేజ్‌లు నమ్మొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

వ్యూస్ కాదు.. గల్లాపెట్టె చూడండి

లక్ష వ్యూస్ వచ్చినా అవన్నీ వేరే రాష్ట్రం నుంచే అయితే రేపల్లె షాపుకు ఒరిగేదేం లేదు. ఐదొందల వ్యూస్‌లో ముప్పై మంది పక్క ఊళ్ల వాళ్లుంటే అదే అసలు హిట్. దీనికో తేలికైన లెక్క ఉంది. కౌంటర్ దగ్గర ఓ నోటుబుక్ పెట్టుకుని, వచ్చిన ప్రతి కొత్త కస్టమర్‌నీ ‘మా గురించి ఎలా తెలిసింది?’ అని అడిగి గీత పెట్టుకోవాలి. వారానికి మూడు వీడియోల చొప్పున మూడు నెలలు చేశాక ఆ గీతలు లెక్కపెడితే ఏ వీడియో పనిచేసిందో, ఎవరి మాట జనానికి నచ్చిందో తెలిసిపోతుంది. శ్రావణమాసం, పెళ్లిళ్ల సీజన్‌కు నెల ముందే మొదలుపెడితే ఇంకా మేలు.

ఒక్క విషయం మాత్రం ఏ యాప్ మార్చలేదు. వీడియో కస్టమర్‌ను గుమ్మం దాకా తెస్తుంది. తూకం తగ్గినా, చూపించిన రంగు ఒకటి ఇచ్చింది ఒకటి అయినా.. అదే కస్టమర్ చేతిలోనూ ఫోన్ ఉంటుంది. ఆ వీడియో ఇంకా తొందరగా వైరల్ అవుతుంది.